ఆపదకు దాచిన నాలుగో వంతు: ఉధ్నా నుంచి ఇంటిలెక్కల చరిత్ర

ఆదివారం సాయంత్రం బుద్ధవందన అయ్యాక మా గదిలో పది పన్నెండు మంది కూర్చుంటాం. అందరూ మగ్గాల మీద, చీరల పని మీద బతికేవాళ్ళే. ఈ మధ్య కొత్తగా పెళ్ళయిన ఒక జంట అడిగింది: "ధమ్మంలో దుఃఖం గురించి, నిర్వాణం గురించి చెప్తున్నారు. కిరాణా ఉద్దెర గురించి ఏమన్నా ఉందా?" అందరూ నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. సూరత్‌కు వచ్చిన కొత్తలో మేమిద్దరం సరిగ్గా ఈ ప్రశ్న మీదే రోజూ కొట్లాడుకునేవాళ్ళం. అప్పుడు మాకు ధమ్మం తెలియదు, లెక్క రాసుకోవడం అంతకన్నా తెలియదు. ఆ జంటకు చెప్పిన జవాబునే కొంచెం విస్తరించి, భార్యాభర్తలం ఇద్దరం కలిసి ఇక్కడ రాస్తున్నాం.

జవాబు ఉంది, ఒకచోట కాదు చాలాచోట్ల ఉంది. బుద్ధుడు కోలియుల ఊరు కక్కరపత్తంలో ఉన్నప్పుడు దీఘజాణు అనే గృహస్థుడు వచ్చి తన సంగతి దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. మేం పిల్లలతో కిక్కిరిసిన ఇళ్ళలో పడుకునేవాళ్ళం, కాశీ గంధం పూసుకునేవాళ్ళం, పూలు పెట్టుకునేవాళ్ళం, వెండి బంగారాలు పుచ్చుకునేవాళ్ళం, మాలాంటివాళ్ళకు ఈ లోకంలో మేలు చేసేది ఏదో చెప్పమన్నాడు. అంగుత్తర నికాయంలో ఉన్న ఈ సుత్తం చదివినప్పుడల్లా మాకు ఒక విషయం తడుతుంది. బుద్ధుడు అతన్ని సంసారం వదిలిపెట్టమనలేదు, డబ్బు పాపం అనలేదు. నాలుగు మాటలు చెప్పాడు: పనిలో నేర్పు, శ్రద్ధ ఉండాలి, కష్టపడి న్యాయంగా సంపాదించినదాన్ని కాపాడుకోవాలి, మంచివాళ్ళతో స్నేహం చేయాలి, రాబడిని, ఖర్చును తెలుసుకుని సమంగా బతకాలి. ఈ నాలుగోదాన్ని సమజీవిత అన్నారు. త్రాసు పట్టుకున్నవాడికి ఎటు ఎంత మొగ్గిందో తెలిసినట్టు, ఇంటి యజమానికి తన రాబడి ఎటు, ఖర్చు ఎటు మొగ్గుతోందో తెలియాలట.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. అదే సుత్తంలో రెండు తప్పులను పక్కపక్కన పెట్టారు. తక్కువ రాబడితో దర్జాగా బతికేవాడు మేడిపండ్ల కోసం చెట్టును దులిపి, తినేవి కొన్నయితే నేలపాలు చేసేవి ఎన్నో అయినట్టు బతుకుతాడు. బాగా రాబడి ఉండి కూడా నోరు కట్టుకునేవాడు తిండిలేక చచ్చినవాడిలా చస్తాడు. అంటే పిసినారితనాన్ని పొదుపు అని బుద్ధుడు ఒప్పుకోలేదు. మన ఇళ్ళలో పొదుపు అనగానే ముందు ఎవరి కంచంలో కూర తగ్గుతుందో అందరికీ తెలుసు. దాని దగ్గరికి మళ్ళీ వస్తాం.

సంపద ఎలా కారిపోతుందో చెప్పడానికి చెరువును ఉదాహరణగా తీసుకున్నారు. లోపలికి వచ్చే కాల్వలు నాలుగు, బయటికి పోయే తూములు నాలుగు. వ్యభిచారం, తాగుడు, జూదం, చెడ్డ స్నేహం అనే తూములు తెరిచిపెట్టి కాల్వలు మూసేస్తే, వాన కూడా లేకపోతే చెరువు ఎండక ఏం చేస్తుంది? తెలంగాణ చెరువుల కింద పుట్టినవాళ్ళం కాబట్టి ఈ పోలిక మాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

దీఘ నికాయంలోని సిగాలోవాద సుత్తం ఇంకా తెగేసి లెక్క చెబుతుంది. రాబడిని నాలుగు వంతులు చేయమంటుంది. ఒక వంతు అనుభవించడానికి, రెండు వంతులు పనిలో పెట్టడానికి, నాలుగో వంతు ఆపద వస్తుందని దాచడానికి. ఇది రైతుకో, వర్తకుడికో సరిపోయే లెక్క. మగ్గం తనది కాదు, నూలు తనది కాదు, గది తనది కాదు. అలాంటి కూలివాడు రెండు వంతులు తీసుకెళ్ళి ఏ పనిలో పెడతాడు? మేం మొదట దీన్ని చదివినప్పుడు ఇది మనకు కాదు, సేఠ్‌లకు అనుకున్నాం. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. మా పిల్ల కాలేజీ ఫీజు, మాలో ఒకరు నేర్చుకున్న కుట్టుపని, కొన్న మిషను ఇవన్నీ ఆ రెండు వంతుల్లోవే. వంతుల కొలత తప్పినా గళ్ళు మాత్రం నాలుగూ ఉండాలి అన్నది మేం పట్టుకున్న అర్థం. పండితులు వేరేగా చెబితే వింటాం.

అదే సుత్తంలో భర్త భార్యకు చేయవలసిన ఐదు పనులున్నాయి. గౌరవించడం, తక్కువ చేసి మాట్లాడకపోవడం, ఆమెను మోసం చేయకపోవడం, ఇంటి పెత్తనం ఆమెకు అప్పగించడం, నగలు ఇవ్వడం. భార్య తిరిగి చేసేవాటిలో ఒకటి భర్త తెచ్చినదాన్ని కాపాడటం. రెండున్నర వేల ఏళ్ళ నాటి మాట కనుక ఇందులో సంపాదించేవాడు మగవాడే, కాపాడేది ఆడదే. ఈ రోజు ఉధ్నాలో అది సగమే నిజం. చీరలకు రాళ్ళు అతికేవాళ్ళు, లేసు కుట్టేవాళ్ళు, దారాలు కత్తిరించేవాళ్ళు ఆడవాళ్ళే, ఇంట్లో కూర్చునే సంపాదిస్తారు. కానీ పెత్తనం అప్పగించడం అన్న మాట మాత్రం పాతబడలేదు. తాళంచెవి ఇచ్చి లెక్క ఇవ్వకపోతే అది అప్పగించడం కాదు. పగారు ఎంతో భార్యకు తెలియని ఇళ్ళు మా వీధిలో ఇప్పటికీ ఉన్నాయి.

మాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ నకులమాతది. భగ్గుల దేశంలో సుంసుమారగిరి దగ్గర నకులపిత జబ్బుపడి మంచం పట్టాడు. తాను పోతే భార్యాపిల్లలు ఏమవుతారోనన్న దిగులు అతన్ని తింటోంది. అది గ్రహించిన భార్య, ఆ దిగులుతో చావద్దని చెబుతూ ముందుగా చెప్పిన ధైర్యం ఏమిటి? తనకు పత్తి వడకడం, ఉన్ని దువ్వడం వచ్చునని, పిల్లల్ని పోషించి ఇల్లు నిలబెట్టగలనని. శీలం, శ్రద్ధ, ధమ్మం మీది నమ్మకం ఆ తర్వాత వచ్చాయి. ఆమె మొదట పెట్టింది కదురు. మరణశయ్య దగ్గర కూడా ఇంటి జమాఖర్చు మాట్లాడిన ఆ జంటను బుద్ధుడు మెచ్చుకున్నాడు. మొగుడు పోయాక కాదు, ఉండగానే ఇద్దరూ కూర్చుని ఇలాంటి మాట మాట్లాడుకోవాలని మేం కుర్ర జంటలకు చెబుతుంటాం. అశుభం అని చెవులు మూసుకుంటారు.

సుత్తాలు సరే, నిజంగా అప్పటి పనివాళ్ళు డబ్బు ఎలా దాచారు, ఎలా తిప్పారు? దీనికి రాతి మీద సాక్ష్యం ఉంది. అది మాకు దగ్గరలోనే, నాసిక్‌లో ఉంది. అక్కడి పాండులేణి గుహల్లో పదో గుహలో క్షహరాత రాజు నహపాణుడి అల్లుడు ఉషవదాతుడి శాసనాలున్నాయి. సుమారు 1,900 ఏళ్ళ నాటివి. తపతి నది మీద జనానికి ఉచితంగా పడవలు నడిపించానని ఒక శాసనంలో చెప్పుకున్నాడు. మేం బస్సులో దాటే ఈ తపతే. ఆయన బ్రాహ్మణులకూ బోలెడు గోదానాలు చేశాడు, కాబట్టి ఆయన్ను మనవాడని కౌగిలించుకోనవసరం లేదు. మాకు కావలసింది ఆయన డబ్బు ఎక్కడ దాచాడన్నది.

గుహలో వర్షావాసం ఉండే భిక్షువుల కోసం ఆయన 3,000 కార్షాపణాలు ఇచ్చాడు. ఆ సొమ్మును రాజు బొక్కసంలో పెట్టలేదు, వర్తకుడి చేతిలో పెట్టలేదు. గోవర్ధనంలోని నేతగాళ్ళ శ్రేణుల్లో పెట్టాడు. ఒక శ్రేణి దగ్గర 2,000, నెలకు నూటికి ఒకటి వడ్డీ. ఇంకో శ్రేణి దగ్గర 1,000, నెలకు నూటికి ముప్పావు. మన మాటలో చెప్పాలంటే ఒకటి రూపాయి వడ్డీ, ఒకటి ముప్పావలా వడ్డీ. లెక్క వేసి చూడండి. 2,000కు రూపాయి వడ్డీ నెలకు 20, ఏడాదికి 240. శాసనంలో ఇరవై మంది భిక్షువులకు చీవరాల కోసం తలా 12 కార్షాపణాలు అని ఉంది. ఇరవై పన్నెండ్లు 240. ఒక్క కాసు తేడా లేదు. మిగిలిన వెయ్యి మీద ఏడాదికి వచ్చే 90 వాళ్ళ ఇతర ఖర్చులకు. అసలు ఎప్పటికీ తిరిగి తీసుకోరాదు, వడ్డీ మాత్రమే వాడాలి అని కూడా రాశారు. ఇదంతా నిగమసభలో చదివి వినిపించి, పలక మీద నమోదు చేయించారు.

అంటే ఆ రోజుల్లో నేతగాళ్ళ సంఘమే బ్యాంకు. రాజుగారి అల్లుడు నమ్మి డబ్బు దాచుకునేంత పరపతి నేతగాళ్ళకు ఉంది. ఈ మాట మేం ఆదివారం చెప్పినప్పుడు ముప్పై ఏళ్ళుగా మగ్గం నడుపుతున్న ఒక అన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇవాళ నాకు యాభై వేలు ఎవడిస్తడు?" అన్నాడు. ఇచ్చేవాళ్ళు ఉన్నారు. నూటికి మూడు, ఐదు, అవసరం గట్టిదయితే పది. ముప్పావలా వడ్డీకి ఇచ్చేవాళ్ళు లేరు.

అమరావతి స్తూపం దగ్గర దొరికిన శాసనాల్లో విధికుడు అనే చర్మకారుడి పేరుంది. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతిపలకను దానం చేశాడు. తోలుపని చేసే మనిషి కుటుంబం అంతటి శిల్పాన్ని ఇవ్వగలిగిందంటే ఆ ఇంట్లో మిగులు ఉంది, ఆ మిగులును ఎటు పెట్టాలో అందరూ కలిసి అనుకోవడం ఉంది. భార్యను ఆ రాతి మీద వదిలిపెట్టలేదు. తర్వాతి శతాబ్దాల్లో అదే పనివాణ్ణి ఊరి బయటికి తోసేశారు. చేతిపని పోలేదు, పరపతి పోయింది.

మన ఊళ్ళలో మగ్గం నేసింది పద్మశాలీలే అనుకుంటారు. మాలలు, నేతకానివాళ్ళు కూడా ముతకబట్ట నేసేవాళ్ళు. మిల్లుబట్ట వచ్చాక ఆ మగ్గాలు ముందు మూలపడ్డాయి, పద్మశాలీల మగ్గాలు తర్వాత. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి షోలాపూర్‌కు, బొంబాయికి, భివండికి, చివరికి సూరత్‌కు జనం కదిలారు. ఉధ్నాలో సహకార పద్ధతిలో ఉద్యోగ్‌నగర్ 1950లలో వెలిసింది. ఆ తర్వాత చుట్టూ మరమగ్గాల షెడ్లు పుట్టగొడుగుల్లా లేచాయి. ఇక్కడ మగ్గాల షెడ్డును ఖాతా అంటారు. పనివాళ్ళలో ఒడిశా గంజాం జిల్లావాళ్ళు ఎక్కువ, తెలుగువాళ్ళు లింబాయత్, ఉధ్నా, డిండోలీ వైపు. సూరత్ నగరపాలిక తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోందంటే ఎంతమందిమి వచ్చామో అర్థం చేసుకోవచ్చు. ఊరికి వెళ్ళాలంటే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి నందుర్బార్, జల్గావ్, బల్లార్షా మీదుగా వరంగల్‌లో దిగుతాం.

మేం 1993లో పెళ్ళయిన నాలుగో నెలలో వచ్చాం. పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి, నెలకు రెండుసార్లు పగారు. వైస్రాయి మండలిలో కార్మిక శాఖ సభ్యుడిగా ఉండి ఎనిమిది గంటల పనిదినం కోసం పాటుపడిన బాబాసాహెబ్ 1956లోనే పోయాడు, ఆ ఎనిమిది గంటలు మా ఖాతాకు ఇంకా రాలేదు. లెక్క రాసే అలవాటు మాకు లేదు. కిరాణా సేఠ్ దగ్గర ఎర్ర పుస్తకంలో ఆయన రాసిందే లెక్క.

మరుసటి ఏడాది, 1994 సెప్టెంబరులో, సూరత్‌లో ప్లేగు అన్నారు. రెండు మూడు రోజుల్లో లక్షల మంది ఊరు వదిలిపోయారు. స్టేషన్లో కాలు పెట్టే చోటు లేదు. మా చేతిలో ఉన్నది టికెట్లకు కూడా చాలలేదు. పక్కగది ఒడియా కుటుంబం వంద రూపాయలు ఇచ్చింది. ఆ వంద మేం వెళ్ళి వచ్చాక ఆరు నెలలకు తీర్చాం. ఆపదకు ఒక వంతు దాచాలన్న మాటను మేం సుత్తంలో చదవకముందే స్టేషన్లో నేర్చుకున్నాం, కానీ నేర్చుకున్నట్టు నడుచుకోలేదు. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నీళ్ళు తపతిలోకి వదిలాక నగరంలో చాలా భాగం మునిగింది. అప్పటికి మా దగ్గర ఒక చీటీ ఉంది. వరద తర్వాత పనులు లేక సభ్యులు కట్టలేదు, చీటీ నడిపేవాడు గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. పదకొండు నెలలు కట్టిన సొమ్ము పోయింది. రశీదు లేదు, పుస్తకం లేదు, నోటిమాటే. నిగమసభలో చదివించి పలక మీద రాయించిన ఆ నాసిక్ నేతగాళ్ళు గుర్తుకొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చీటీ చెడ్డది కాదు. మరాఠీవాళ్ళ భిషీ అయినా మన చీటీ అయినా పదిమంది పేదవాళ్ళ మధ్య నమ్మకమే మూలధనం. ఆ నమ్మకానికి కాగితం తోడు లేకపోతే వరదకు మొదట కొట్టుకుపోయేది అదే.

2016 నవంబరు 8 రాత్రి సంగతి రాయాలా వద్దా అని మేమిద్దరం వారం రోజులు ఆలోచించాం. రాయాలనే అనుకున్నాం. ఐదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవని ప్రకటించగానే దేశంలో లక్షల ఇళ్ళలో ఆడవాళ్ళు దాచుకున్న డబ్బు బయటపడింది. మా ఇంట్లోనూ పడింది. పోపులడబ్బాలో, బియ్యం డబ్బా అడుగున, పిల్ల పాత స్కూలు సంచిలో, మొత్తం 23,500. మాలో ఒకరు దాచారు. మాలో ఒకరు, ఇంత డబ్బు నాకు తెలియకుండా ఎక్కడిదని అరిచారు. అరిచిన గొంతుకు జవాబు అరుపుతో రాలేదు. ఒక పాత నోటుపుస్తకం వచ్చింది. అందులో ఎనిమిదేళ్ళుగా రాసిన రెండు వరుసలున్నాయి. ఒకవైపు రాళ్ళు అతికిన చీరల కూలి. రెండోవైపు పగారులోంచి పొట్లీలకు పోయిన డబ్బు, తేదీలతో సహా. గుజరాత్ ఏర్పడ్డప్పటి నుంచి మద్యనిషేధం ఉన్న రాష్ట్రమే. అయినా పొట్లీ దొరకని వీధి మాకు తెలియదు. రెండో వరుస కూడితే మొదటి వరుసకు దాదాపు రెట్టింపు.

ఖాతాలు చాలా రోజులు మూతపడ్డాయి. కూలి ఇవ్వడానికి సేఠ్‌ల దగ్గర చెల్లే నోట్లు లేవు. ఆ నెల పొద్దంతా బ్యాంకు వరుసల్లో నిలబడ్డాం, రాత్రుళ్ళు ఆ పుస్తకం ముందు కూర్చున్నాం. దాచడం తప్పా, దాచేలా చేయడం తప్పా అన్నది మా ఇంట్లో తేలడానికి ఆ నెల పట్టింది. మరుసటి ఏడాది నాగపూర్ దీక్షాభూమిలో మేమిద్దరం దీక్ష తీసుకున్నాం. బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం ముట్టనన్నది ఒకటి. మాలో ఒకరికి అది మిగతా ఇరవై ఒకటి కలిపినంత బరువైనది.

ఇది మా ఒక్క ఇంటి సంగతే అయితే చరిత్ర వ్యాసంలో చోటు ఉండేది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించినప్పుడు జరిగింది కూడా ఇలాంటి లెక్కే. అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని చదువు నేర్చుకుంటూ, తమ ఇంటి కూలిలో ఎంత సారాకు పోతోందో వాళ్ళు మాట్లాడుకున్నారు. అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వం దాన్ని సడలించింది, ఖజానాకు డబ్బు కావాలని. సారా మానిన ఇళ్ళలో మిగిలిన డబ్బు ఏమైందన్నది మనం ఎక్కువగా చెప్పుకోం. అదే నెల్లూరులో రోజుకు ఒక రూపాయి చొప్పున దాచే పొదుపులక్ష్మి సంఘాలు మొదలయ్యాయి. దీఘజాణుకు చెప్పిన చెరువు లెక్క ఇది. ముందు తూము మూశారు, తర్వాత కాల్వ తవ్వారు. ఆ ఆడవాళ్ళలో ఎక్కువమంది ఆ సుత్తం పేరు కూడా విని ఉండరు.

ఆ సంఘాల అలవాటు మీదనే తర్వాత సూక్ష్మరుణ సంస్థలు గుంపులుగా వచ్చి పడ్డాయి. వారం వారం వసూళ్ళు, ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు, ఆత్మహత్యలు. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి అడ్డుకట్ట వేసింది. సిరిసిల్లలో నేతగాళ్ళ చావులు మనకు తెలిసినవే, చాలావాటి వెనక అప్పు ఉంది. అంగుత్తర నికాయంలోనే ఇంకో సుత్తం పేదవాడి అప్పు ఎలా మెట్టు మెట్టుగా ముదురుతుందో చెబుతుంది: అప్పు చేస్తాడు, వడ్డీకి ఒప్పుకుంటాడు, గడువు దాటితే ఒత్తిడి చేస్తారు, వెంటపడతారు, చివరికి కట్టేస్తారు. ఒక్కో మెట్టూ దుఃఖమే అంటుంది. అనాథపిండికుడికి చెప్పిన నాలుగు సుఖాల్లో అప్పు లేకపోవడం ఒకటి. గృహస్థుడి సుఖాల జాబితాలో దాన్ని విడిగా లెక్కపెట్టిన ఆ చూపు, అప్పిచ్చేవాడి వైపు నుంచి కాదు, తీసుకున్నవాడి వైపు నుంచి చూసిన చూపు.

ఇక బాబాసాహెబ్, రమాబాయి. 1913లో ఆయన బరోడా మహారాజు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్ల వేతనంతో అమెరికా వెళ్ళాడు. అందులోంచే ఇంటికీ పంపాలి. 1918 నవంబరులో సిడెన్‌హామ్ కళాశాలలో అధ్యాపకుడయ్యాక జీతం 450 రూపాయలు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. అయినా కుటుంబం పరేల్‌లోని చాల్‌లోనే ఉంది. మళ్ళీ లండన్ వెళ్ళి చదువు పూర్తిచేయాలని జీతంలోంచి కూడబెట్టాడు. దానికి కొల్హాపూర్ మహారాజు సాయం, పార్సీ మిత్రుడు నవల్ భతేనా దగ్గర తీసుకున్న 5,000 రూపాయల అప్పు తోడయ్యాయి. 1920లో వెళ్ళాడు. అక్కడ సగం కడుపుతో మ్యూజియం గ్రంథాలయంలో కూర్చుని చదివాడు. 1923లో వచ్చిన ఆయన పుస్తకం రూపాయి సమస్య గురించే. ఒక దేశపు రూపాయి విలువ ఎలా నిలబడుతుందో అక్కడ ఆయన రాస్తుంటే, ఒక ఇంటి రూపాయి ఎలా నిలబడుతుందో ఇక్కడ రమాబాయి చూసుకుంది.

ఇక్కడ మాకు ఒక పేచీ ఉంది. మన సభల్లో రమాయి త్యాగం అంటూ కన్నీళ్ళు పెట్టుకుంటాం. ఐదుగురు పిల్లల్లో నలుగురు పోయారు, యశ్వంత్ ఒక్కడే దక్కాడు. ఆమె 1935 మే 27న కన్నుమూసింది. ఆ బాధను పూజించడం తేలిక. పూజించి ఇంటికొచ్చి, మన ఇంటి ఆడదాన్ని కూడా అలా సర్దుకుపొమ్మనడం ఇంకా తేలిక. బాబాసాహెబ్ అలా చేయలేదు. 1940లో పాకిస్తాన్ మీద రాసిన పుస్తకాన్ని ఆమె స్మృతికి అంకితమిస్తూ, ఆదుకునేవాళ్ళు లేని లేమి రోజుల్లో తనతోపాటు కష్టపడటానికి ఆమె సిద్ధపడినందుకు కృతజ్ఞత చెప్పాడు. అది అప్పు ఒప్పుకున్న మాట. 1942 జూలైలో నాగపూర్ మహిళా సభలో, పిల్లలకు తొందరపడి పెళ్ళిళ్ళు చేయవద్దని, పెళ్ళంటే బాధ్యత అని, భార్య భర్తకు స్నేహితురాలిగా, సమానురాలిగా నిలబడాలి కానీ బానిస కాకూడదని చెప్పాడు. పెళ్ళిని డబ్బు లెక్కతో కలిపి చూసిన నాయకుడు ఆ కాలంలో మనకు ఇంకెవరు కనిపిస్తారు? ఊళ్ళో పెళ్ళికి రెండు లక్షలు అప్పు చేసి, ఆ అప్పు తీర్చడానికి ఉధ్నాకు కాపురం వచ్చిన జంటలను మేం ఎన్నో చూశాం. వాళ్ళ కాపురం మొదటి రోజు నుంచే వడ్డీ కింద ఉంటుంది.

2020 మార్చి 25న దేశం మూతపడ్డప్పుడు మా నాలుగో గడిలో 41,000 ఉన్నాయి. బ్యాంకులో, ఇద్దరి పేర్ల మీద. ఖాతా మూసిన రోజు సేఠ్ ఆ పదిహేను రోజుల పగారులో సగమే ఇచ్చాడు. ఏప్రిల్‌లో జనం రోడ్డెక్కారు, మే నెలలో శ్రామిక్ రైళ్ళు మొదలయ్యాయి. మేం వెళ్ళలేదు. అద్దె కట్టాం, బియ్యం కొన్నాం, మా వరసలో మూడు ఇళ్ళకు వడ్డీ లేకుండా మొత్తం తొమ్మిది వేలు ఇచ్చాం. అందులో ఒకటి 1994లో మాకు వంద ఇచ్చిన ఒడియా కుటుంబపు కొడుకుది. ఆ మాట అతనికి తెలియదు, మేమూ అప్పుడు చెప్పలేదు. జూలై నాటికి మా గడిలో 2,300 మిగిలాయి. ఇచ్చిన తొమ్మిది వేలల్లో ఏడు వేలు తిరిగొచ్చాయి. రాని రెండు వేలను దానం గడిలోకి మార్చి రాసుకున్నాం, అడగడం మానేశాం.

ఆ కొత్త జంట పోయిన ఆదివారం మళ్ళీ వచ్చారు. నోటుపుస్తకం తెచ్చారు. పెళ్ళి అప్పు 1,60,000, మూడు రూపాయల వడ్డీ, నెలకు 4,800. అతని పగారు పదిహేడు వేలు, ఆమె చీరల కూలి నాలుగు వేలు. ఆమె కూలి మొత్తం వడ్డీకి పోయి, పైన ఎనిమిది వందలు అతని పగారులోంచి కట్టాలి. ఇద్దరూ లెక్క చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమె మెడలో ఉన్న రెండు తులాల గొలుసు అమ్మితే అసలులో ఎంత తగ్గుతుందని ఆమే అడిగింది. అతను వద్దన్నాడు. గొలుసు అమ్మితే ఊళ్ళో ఏమంటారోనని. ఊళ్ళోవాళ్ళు నెలనెలా ఎంత వడ్డీ కడతారో అడిగి రమ్మంది ఆమె. ఈ ఆదివారం మళ్ళీ వస్తామన్నారు.